మెట్ల కింద పొట్టు బస్తాలు

కొండాపూర్‌లో మా ఫ్లాటుకు రెండు స్నానాల గదులు. రెండింట్లోనూ గోడ మీద గీజర్లున్నాయి. అయినా నేను ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నే చీర, తువ్వాలు సంచిలో సర్దుకుని, మా అబ్బాయి కారెక్కి, నార్సింగి వెళ్లి అక్కడ స్నానం చేసేదాన్ని. లిఫ్టులో ఎదురైన వాళ్లు నేను ఏ గుడికో వెళ్తున్నాననుకుని పక్కకు తప్పుకుని దారిచ్చేవారు. నేనూ కాదనేదాన్ని కాదు.

మా మనవరాలికి ఇది రోజూ దొరికే వేడుక. గీజరు కరెంటు మిగల్చడానికి మా నానమ్మ పెట్రోలు తగలేస్తుందని దాని స్నేహితులందరికీ చెప్పింది. ఆ కారు ఎలాగూ మిల్లుకే వెళ్తుంది, నేను ఎక్కినా ఎక్కకపోయినా అది తాగేది తాగుతుంది అని ఎన్నిసార్లు విడమరిచి చెప్పానో. నా బరువుకు కూడా కొంత పెట్రోలు అవుతుందట. ముసలిదాని బరువు లెక్కగట్టడానికా నిన్నంత చదివించింది అని నేనూ అన్నాను.

నార్సింగిలో మాది కలప కోత మిల్లు. మా ఆయన గోదావరి వైపు నుంచి వచ్చి పెట్టారు. అప్పట్లో అటు వైపు పొలాలు తప్ప ఏమీ లేవు. ఇప్పుడు మా ప్రహరీ పక్కనే ముప్ఫై అంతస్తులు లేచాయి. పొద్దున పదింటి దాకా మా రేకుల షెడ్డు మీద ఎండ పడదు. ఆ మిల్లులో దుంగలు కొనడం, అమ్మడం మా ఆయన చూసుకునేవారు, ఆయన పోయాక మా అబ్బాయి చూస్తున్నాడు. రంపం కింద రాలినదంతా మాత్రం మొదటి నుంచీ నాది. నాకు నాలుగో తరగతితో చదువు సరి. కూడికలు వచ్చాయి, తీసివేతలు వచ్చాయి, భాగహారం దగ్గరికి వచ్చేసరికి బడి మాన్పించారు. పొట్టుకు ఆ చదువు చాలులే అని ఆయన నవ్వేవారు.

చాలింది కూడా. చిత్రిక పట్టినప్పుడు రాలే మెత్తటి చుట్టలు కోళ్ల ఫారానికి వెళ్తాయి, కోళ్ల కింద పరచడానికి. బెరడు చెక్కలు, పనికిరాని ముక్కలు ఇటుక బట్టీకి. సన్నటి పొట్టు కొంత హాస్టళ్ల వంటశాలలకు, కొంత నా పొయ్యికి.

నా పొయ్యి అంటే ఒక పాత నూనె డబ్బా. అడుగున పక్కగా చిన్న కన్నం. డబ్బా మధ్యలో రోకలి నిలబెట్టి, ఆ కన్నంలోంచి ఒక కర్రను రోకలికి తగిలేదాకా తోసి, చుట్టూ పొట్టు పోసి పిడికిలితో దట్టించాలి. తర్వాత రోకలినీ కర్రనూ మెల్లగా తిప్పుతూ లాగేస్తే లోపల పొగగొట్టంలా దారి మిగులుతుంది. కింద చితుకు అంటిస్తే చాలు, ఇక ఊదక్కర్లేదు, ఎగదోయక్కర్లేదు. సగం పూట అలా కాలుతూనే ఉంటుంది. మిల్లులో అందరికీ టీ దాని మీదే, నా స్నానానికి నీళ్లు దాని మీదే. పొట్టు ఎండినదై ఉండాలి, అంతే. అందుకని బాగా ఎండిన రోజుల్లో రోజుకో బుట్టెడు పక్కన తీసి, బస్తాలకెత్తి, మూతి కట్టి, ఆఫీసు గది మెట్ల కింద ఉన్న చిన్న గదిలో పెట్టి తాళం వేసేదాన్ని. ఆ తాళంచెవి నా బొడ్డులోనే ఉండేది. ఎన్ని బస్తాలున్నాయని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఈ ఏడు వేసవిలో మా మిల్లుకు గట్టి దెబ్బ తగిలింది. పక్కనే కడుతున్న అపార్టుమెంట్లలో మొదటి టవరుకు ద్వారబంధాలన్నీ మేమే ఇచ్చాం. జనం దిగారు, ఏసీలు వేసుకున్నారు, నెల తిరిగేసరికి ద్వారబంధాలు మెలి తిరిగాయి. తలుపు మూస్తే పైన వేలు దూరేంత సందు. ఒకావిడ అయితే, వాళ్లాయన గదిలో తలుపేసుకుని ఆఫీసు మీటింగులో మాట్లాడేదంతా వాళ్ల అత్తగారికి వినిపిస్తోంది, దీనికి మీరేం చేస్తారని మిల్లుకే వచ్చింది. అత్తగారికి ఉద్యోగం నేర్పించండి అందామనుకున్నాను గానీ, మా అబ్బాయి మొహం చూసి ఊరుకున్నాను.

తప్పు మాదే. కలప లోపల తడి ఉండగానే కోసి బిగించేశాం. పూర్వం కోసిన కలపను ఏడాది నీడన పేర్చి ఉంచేవాళ్లం. ఇప్పుడు ఏడాది ఆగే బిల్డరు ఎక్కడున్నాడు? రెండో టవరు ద్వారబంధాలకు మా బిల్డరు ఒకే మాట చెప్పాడు. శ్రావణంలో ముహూర్తం చూసి నిలబెడతాం, ఆషాఢం వెళ్లేలోగా సరుకు రావాలి, మా మనిషి తేమ చూసే మీటరు పెట్టి ఒక్కొక్కటీ గుచ్చి చూస్తాడు, రెండు మూడింటికి మించి తడి ఉంటే లాటంతా వెనక్కి.

ఆ రోజు అన్నం ముందు కూర్చుని మా అబ్బాయి నెమ్మదిగానే చెప్పాడు.

"ఇది కూడా వెనక్కొస్తే ఇంక మిల్లు నడపనమ్మా. స్థలం డెవలప్‌మెంటుకు ఇచ్చేస్తాను."

వాడిని తప్పు పట్టలేను. ఆ స్థలానికి ఇప్పుడున్న ధర చూస్తే, దాని మీద కూర్చుని దుంగలు కోసేవాణ్ణి వెర్రివాడనే అంటారు. కానీ మేస్త్రి ఉన్నాడు. మా ఆయన పెట్టుకున్న మొదటి మనిషి, నార్సింగి వాడే, రంపం చప్పుడు విని పళ్లు ఎక్కడ అరిగాయో చెప్పగలడు. అతని కింద ఇంకో ఏడుగురు. ఆ స్థలంలో టవరు లేస్తే వీళ్లకు గేటు దగ్గర కుర్చీ వేసి వాచ్‌మన్ టోపీ ఇస్తారేమో. నాకా టోపీలు నచ్చలేదు.

మూడో రోజున మా మనవరాలు లాప్‌టాప్ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. దాని ఉద్యోగం హైటెక్ సిటీలో. ఇతరులు రాసిన దాంట్లో తప్పులు వెతకడమే పనట. దానికి జీతం కూడా ఇస్తారు. మా ఇంట్లో నేను ఆ పని ఊరికే చేస్తున్నాను. తండ్రి దిగులు చూడలేక అది ఒక పథకం వేసింది. మిల్లులో బాయిలరు పెట్టి, మన పొట్టే కాల్చి, ఆవిరితో మిషను తిప్పి కరెంటు తీయడం. ఆ కరెంటుతో రంపాలు తిరుగుతాయి, కలప ఆరబెట్టే గదికి హీటర్లు కూడా నడుస్తాయి. రంగురంగుల బొమ్మలు గీసింది. ఒక బొమ్మలో కరెంటు బిల్లు మెట్లు దిగుతూ నేల మీద పడుకుంది.

నాకు కళ్లజోడు తెచ్చిమ్మని, ప్రతి గడీ చదివించుకున్నాను.

"పొట్టు ఖరీదు దగ్గర సున్నా వేశావేమే?"

"అది వేస్టే కదా నానమ్మా. మన మిల్లుదే. ఫ్రీ."

"మరి కోళ్ల ఫారం అతను నెలనెలా నా చేతిలో పెట్టేదేమిటి, దక్షిణా?"

మా అబ్బాయి చాలా రోజుల తర్వాత నవ్వాడు. అది సున్నా తీసేసి నేను చెప్పిన అంకె వేసింది. ఇటుక బట్టీకి వెళ్లే ముక్కలకు కూడా వేయించాను. పడుకున్న బిల్లు లేచి కూర్చుంది. బాయిలరు దగ్గర ఎవరు కాపలా ఉంటారని అడిగాను. లైసెన్సు ఉన్న మనిషిని పెట్టాలట. అతని జీతం వేయించాను. బిల్లు నిలబడింది. తర్వాత నాకు అసలైన సందేహం వచ్చింది. రంపం తిరిగితే పొట్టు, పొట్టు ఉంటే కరెంటు, కరెంటు ఉంటే రంపం. మరి నాలుగు రోజులు దుంగలు రాకపోతే ఈ బండిని మొదట తోసేది ఎవరు?

దానికీ ఏదో జవాబు చెప్పింది గానీ గొంతు తగ్గింది. పాపం, నాకే జాలేసి ఇంకొక్కటి అడిగి వదిలేద్దామనుకున్నాను.

"మంట అంతా కరెంటవుతుందా?"

ఒక్క మాట చెప్పాలి, మా పిల్ల అబద్ధమాడదు.

"అవదు. ఇంత చిన్న మిషనుకు ఐదు పాళ్లలో ఒక పాలు వస్తే గొప్ప నానమ్మా."

"మిగతా నాలుగు?"

"వేడిగా పోతాయి."

"ఎక్కడికి?"

"గాల్లోకి."

భాగహారం రాని దాన్నే అయినా ఆ లెక్క నాకు తెలిసింది. మనకు కావలసింది కలప ఆరడం. ఆరడానికి కావలసింది వేడి. ఉన్న వేడిలో నాలుగు పాళ్లు ఆకాశానికి దానం చేసి, మిగిలిన ఒక్క పాలును కరెంటు చేసి, దాన్ని మళ్లీ హీటరులో పెట్టి వేడి చేసుకోవడం ఎందుకు? కరెంటు తీగల మీద ఎలాగూ వస్తోంది. నా డబ్బా పొయ్యి చూడవే, మంట ఉన్నచోటే నీళ్లు పెడతాను కదా అన్నాను. అది లాప్‌టాప్ మూసింది. పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో రెండూ చేస్తారట, వేడీ వాడుకుంటారట, కరెంటూ తీస్తారట.

"అయితే మనం ముందు సగం చేద్దాం," అంది.

"ముందు సగం కాదు, చవకైన సగం," అన్నాను.

మర్నాడు సెలవు పెట్టి నాతో కారెక్కింది. వెనక సీట్లో నా చీర సంచి, దాని లాప్‌టాప్ సంచి పక్కపక్కన కూర్చున్నాయి. పొట్టు రోజుకు ఎంత వస్తుందో అది ముందే తూకం వేయించి రాసుకుంది. ఆరబెట్టే గదికి పోగా బోలెడు మిగులుతుంది, నీ కోళ్ల బేరం కూడా ఆపక్కర్లేదని నాకు ధైర్యం చెప్పింది. మేస్త్రి ఆ అంకె విని కుప్పలోంచి గుప్పెడు పొట్టు తీసి దాని చేతిలో పెట్టాడు.

"గిట్ల పిడికిలి వట్టి తెరువు బిడ్డా. ముద్దయితే నీళ్లున్నట్టు, రాలితే ఎండినట్టు."

పిడికిలి తెరిస్తే లడ్డూలా నిలబడింది. అది తూకం వేయించింది వాన పడ్డ మర్నాడట, పైగా పచ్చి దుంగలు కోసిన రోజు. సగం బరువు నీళ్లే. ఎండబోసి మళ్లీ తూచేసరికి దాని అంకె సగానికి దిగింది. తప్పులు వెతికే ఉద్యోగం నీదేనా తల్లీ అని అడిగాను. సమాధానంగా ఆ లడ్డూ నా నోటి దగ్గరికి తెచ్చింది.

ఉన్నదంతా ఆరబెట్టే గదికే కావాలి, అలా కోళ్ల ఫారం బేరం ఆగిపోయింది. ఆ సంగతి అతనికి నేనే చెప్పాను. ఆ నెలంతా నాకు చేతిలో ఏదో పోయినట్టే ఉంది. గది మాత్రం పన్నెండు రోజుల్లో లేచింది. ఇటుక గోడలు, మందపాటి తలుపు, బయట పొయ్యి, దాని వేడిని లోపలికి తీసుకెళ్లే ఇనప గొట్టం, గాలి తిప్పడానికి మామూలు కరెంటుతో నడిచే ఫ్యాను. పొగ లోపలికి రాకుండా వేరే గొట్టం పైకి వెళ్తుంది. మేస్త్రి, మనవరాలు రోజూ దెబ్బలాడుకుంటూ కట్టించారు. వేసవిలోనే కోసి పేర్చి ఉంచిన ద్వారబంధాల కలపను మధ్య మధ్య సందులు వదిలి గదిలో పేర్చారు. పొయ్యి అంటించారు.

పొట్టు కుప్ప మీద వాన పడకుండా చూడడం నా బాధ్యత అని నేనే అన్నాను. కొత్త టార్పాలిన్ కొందామంటే ఒప్పుకోలేదు. హోర్డింగు మీంచి దింపిన పెద్ద ఫ్లెక్సు ఒకటి ఊరికే వచ్చింది. దాని మీద ఒక అపార్టుమెంటు, ముందు నీలం రంగు ఈత కొలను, పక్కన నలుగురు నవ్వుతున్నారు. కుప్ప మీద పరిచి చుట్టూ రాళ్లు పెట్టించాను. "నానమ్మా, అది ఎండకు పెళుసెక్కిపోయింది," అని మనవరాలు వేలితో గీకి చూపించింది. ఇంతకన్నా పెళుసైన వాటి కింద సంసారాలు చేశామని చెప్పాను. అంతటితో ఆగానా, లేదు. పొట్టు సరిపోతుంది కదా అని, ముక్కల బస్తాలన్నీ ఇటుక బట్టీకి పంపేశాను. కోళ్ల బేరం పోయిన లోటు కొంతైనా తీరుతుందని.

ఆషాఢంలో వాన పట్టుకుంది. ఒక రోజు, రెండు రోజులు కాదు. మూడో రోజు పొద్దున మేము మిల్లుకు వెళ్లేసరికి మేస్త్రి కుప్ప ముందు నిలబడి ఉన్నాడు. వాన నీళ్లు సరిగ్గా ఆ బొమ్మలోని ఈత కొలనులోనే నిలిచాయి. ఆ బరువుకు కొలను అడుగు చిరిగి, నీళ్లన్నీ కుప్ప నడుమకు దిగిపోయాయి. నవ్వే నలుగురూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. తడి పొట్టు వేస్తే పొయ్యి పొగ కక్కింది, గది చల్లబడసాగింది. చల్లబడితే ఆ వాన గాలికి కలప మళ్లీ తేమ లాక్కుంటుంది, ఇంతవరకు ఆరిందంతా వృథా. ఇంకా ఐదు రోజులు నడవాలి. బిల్డరు మనిషి వచ్చే రోజు ఆరోది. మా అబ్బాయి కట్టెల అడితీలన్నింటికీ ఫోన్లు చేశాడు. అందరి దగ్గరా తడి కట్టెలే. ఇటుక బట్టీ వాడు నా ముక్కలు ఎప్పుడో కాల్చేశాడు. మా అబ్బాయి ఫోను జేబులో పెట్టుకుని గేటు బయట టవరు వైపు చూస్తూ నిలబడ్డాడు.

మేస్త్రి నా దగ్గరికి వచ్చి, తువ్వాలు భుజం మీంచి తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అమ్మా, జర కోపం చెయ్యకుండ్రి. ఎండిన పొట్టు ఈ జాగల ఒక్క తాననే ఉంది."

అని మెట్ల వైపు చూసి, వెంటనే నేల చూశాడు. మనవరాలు కూడా నేలే చూస్తోంది. దాని జీవితంలో ఎగతాళి చేసే అవకాశం అంత చేరువగా వచ్చి వదులుకోవడం అదే మొదటిసారి.

నేను వెంటనే ఇచ్చేశానని రాయాలని ఉంది. ఇవ్వలేదు. ముందు టీ పెట్టమన్నాను. టీ తాగేటంత సేపూ ఆ బస్తాలే కళ్ల ముందు తిరిగాయి. కొన్నింటికి మూతులు కట్టిన తాళ్లు మా ఆయన పేనినవి. కావలసినప్పుడు ఉండాలని దాచాను. ఎవరికి, ఎప్పుడు కావలసి వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. గ్లాసు కింద పెట్టి బొడ్డులోంచి తాళంచెవి తీసి మనవరాలికిచ్చాను.

తలుపు తీసి అది అలాగే నిలబడిపోయింది. ఎన్నున్నాయని మా అబ్బాయి అడిగాడు. మేస్త్రి లోపలికి తొంగి చూసి లెక్క మొదలుపెట్టి, నలభై దాటాక మానేశాడు.

"ఇన్ని ఎందుకు నానమ్మా?" అంది మనవరాలు మెల్లగా.

ఏం చెప్పను? నేను పోయిన తర్వాత కూడా ఇంకో ఐదారేళ్లు నాకు వేడినీళ్లు ఉండేలా దాచుకున్నానని అప్పుడే నాకూ తెలిసింది.

ఐదు రోజులూ ఆ బస్తాలే కాలాయి. మేస్త్రి ఒక్కో బస్తా విప్పేటప్పుడు గుప్పెడు తీసి పిడికిలి బిగించి వదిలేవాడు. పొడిపొడిగా రాలేది. నావైపు చూసి తల ఊపేవాడు. తాళ్లు మాత్రం కాల్చనివ్వలేదు, చుట్టి పెట్టించాను.

ఆరో రోజు బిల్డరు మనిషి వచ్చాడు. కడప వైపు అతను, నవ్వడం అంటే పాపమని నమ్మినట్టుంటాడు. రెండు సూదులున్న ఆ మీటరు పట్టుకుని ఒక్కొక్క ద్వారబంధాన్నీ గుచ్చుతూ పోయాడు. ఎనిమిది మందీ పని ఆపి వరసగా నిలబడ్డారు. గది తలుపు పక్కన పేర్చిన రెండింటిని మాత్రం తడిగా ఉన్నాయని పక్కకు తీసి పెట్టాడు. చివరిది గుచ్చి, మీటరు జేబులో పెట్టుకుని మేస్త్రితో అన్నాడు.

"ఈ తూరి బాగా ఎండినాయి. దేంతో ఎండబెట్టినారు?"

మేస్త్రి నన్ను చూపించాడు.

"అమ్మ స్నానం నీళ్లతోని."

ఆ మనిషి దాన్ని అర్థం చేసుకునే ప్రయత్నం కూడా చేయకుండా కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయాడు. మా అబ్బాయి ఆ సాయంత్రమే కొత్త దుంగల లారీకి ఫోను చేశాడు. స్థలం మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ అడగలేదు. మర్నాడు మాత్రం పొట్టు కుప్పకు కొత్త టార్పాలిన్ వచ్చింది. ధర ఎంతని అడిగితే ఎవరూ చెప్పలేదు.

ఆ వారమంతా మిల్లులో పిడికెడు పొడి పొట్టు కూడా లేదు కాబట్టి నేను ఫ్లాటులోనే స్నానం చేయాల్సి వచ్చింది. మనవరాలు గీజరు స్విచ్చి వేసి, తలుపు బయట కుర్చీ వేసుకు కూర్చుంది. నీళ్లు బాగా కాగాయా అని ఒకసారి, ఒళ్లు కాలకుండా చూసుకో అని ఒకసారి, ఎర్ర లైటు ఆరిందా అని ఒకసారి. బకెట్టు నిండగానే స్విచ్చి కట్టేయమని లోపల్నుంచి అరిచాను. అప్పుడే కట్టేశానంది. నా దగ్గరే నేర్చుకుంది మరి.

ఎనిమిదో రోజున మేస్త్రి మా అబ్బాయికి ఫోను చేసి అమ్మను తోలుకొని రమ్మన్నాడు. వెళ్లి చూస్తే, ఆరబెట్టే గది నుంచి పొగ పైకి వెళ్లే గొట్టానికి ఆనించి ఇటుకల దిమ్మె కట్టించి, దాని మీద నా రాగి గంగాళం పెట్టాడు. వాన తెరిపిచ్చాక ఎండబోసిన పొట్టుతో రెండో విడత కలప లోపల ఆరుతోంది. గొట్టంలో పైకి వెళ్లే వేడికి గంగాళంలో నీళ్లు కాగుతున్నాయి. దీనికి పిడికెడు పొట్టు కూడా వేరే ఖర్చు లేదు. ఆకాశానికి పోయే పాలులోంచి నా వాటా తీసిచ్చాడన్నమాట. నా లెక్కే నాకు తిరిగి అప్పజెప్పాడు. వేలు పెట్టి చూస్తే చుర్రుమంది. చాలా వేడిగా ఉన్నాయి, రెండు చెంబులు చన్నీళ్లు కలపమన్నాను. అంతకన్నా ఎక్కువ మెచ్చుకుంటే మేస్త్రికి అనుమానం వస్తుంది.

మెట్ల కింద గది ఖాళీగా ఉంది కదా, నా టేబులు వేసుకుంటానని మనవరాలు అడిగింది. వారానికి రెండు రోజులు అక్కణ్నుంచే ఆఫీసు పని చేసుకుంటుందట, తేమ మీటరు కూడా ఒకటి కొని అక్కడే పెడుతుందట. సరేనన్నాను. తాళంచెవి కూడా దాని దగ్గరే ఉంచుకోమన్నాను. టేబులు కింద కాళ్లు పెట్టుకునే చోట ఒక్క బస్తా మాత్రం నేను పెట్టించాను. పొట్టు కొత్తది, మూతికి తాడు పాతది. కాళ్లకు అడ్డం వస్తోందని అది రోజూ గొణుగుతుంది. దాని మీద కాళ్లు పెట్టుకోమని చెప్పాను.